ప్యాకేజీలో ఇమడని జబ్బు

ఏర్వాడి పేరు మన పాఠకులలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. 2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున తమిళనాడు రామనాథపురం జిల్లాలోని ఆ ఊరిలో, దర్గాకు సమీపాన నడుస్తున్న ఒక ప్రైవేటు మానసిక రోగుల వసతి గృహానికి నిప్పంటుకుంది. కప్పు తాటాకుది. లోపల ఉన్నవారిలో అత్యధికుల కాళ్లకు గొలుసులున్నాయి. పరుగెత్తగలిగినవారు బయటపడ్డారు. 28 మంది కట్టివేసిన చోటనే కాలిపోయారు.

ఆ తరువాత పత్రికలలో చర్చ అంతా దర్గాల చుట్టూ తిరిగింది. మూఢనమ్మకం, భూతవైద్యం, తాయెత్తులు, చివరకు ‘వీళ్లు మారరు’ అనే తీర్పు. ఏర్వాడికి వచ్చేవారిలో హిందువులు, క్రైస్తవులు కూడా ఎప్పుడూ ఉన్నారన్న సంగతి ఆ గోలలో ఎవరికీ పట్టలేదు. వారం రోజులలో ప్రభుత్వం అటువంటి గృహాలన్నింటినీ మూసివేయించి, ఐదువందల మందికి పైగా రోగులను తన సంరక్షణలోకి తీసుకుంది. సుప్రీంకోర్టు తనంతట తానుగా కేసు స్వీకరించి, ప్రతి రాష్ట్రంలోనూ కనీసం ఒక ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉండాలని 2002లో ఆదేశించింది. స్వతంత్ర భారతదేశానికి 55 ఏళ్లు నిండిన సంవత్సరంలో, ఒక అగ్నిప్రమాదం తరువాత, అత్యున్నత న్యాయస్థానం చెప్పవలసి వచ్చిన మాట అది!

అప్పుడు ఎవరూ గట్టిగా అడగని ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. ఆ వసతి గృహాలకు డబ్బు ఎవరు కట్టేవారు? రోగుల కుటుంబాలే. నెలనెలా, తమకు చేతనైనంత. చెన్నైలోని కీల్పాక్ ప్రభుత్వ మానసిక వైద్యశాల అక్కడికి వందల కిలోమీటర్ల దూరం. దగ్గరలో మరేమీ లేదు. తలకు ఇంత అని పుచ్చుకునే యజమానికి మనుషుల సంఖ్య పెరిగితే లాభం, కాపలాదారుల సంఖ్య పెరిగితే నష్టం. అన్నింటికన్నా చౌకైన కాపలాదారు గొలుసు. మేము ఈ వ్యాసంలో నమ్మకాల గురించి కాక, ఈ డబ్బు నడిచే దారి గురించి మాట్లాడదలచాము. తీవ్ర మానసిక వ్యాధిగ్రస్తునికి ఆస్పత్రిలో ఎటువంటి సేవ అందుతుందనేది వైద్యుని మంచితనం మీద కన్నా, ఆ ఆస్పత్రికి డబ్బు ఏ లెక్కన వస్తుందనే దాని మీదనే ఎక్కువగా ఆధారపడి ఉంటుందని మా అభిప్రాయం.

గత రంజాన్‌కు కొద్దిరోజుల ముందు మా కార్యాలయానికి ఒక తల్లి వచ్చారు. తెలంగాణలోని ఒక జిల్లా కేంద్రంలో బీడీలు చుట్టి బతుకుతారు. కొడుకుకు ఇరవై నాలుగేళ్లు. ఐటీఐ పూర్తి చేశాడు. రెండేళ్ల క్రితం నుండి ఎవరూ లేనిచోట గొంతులు వినబడుతున్నాయనేవాడు. వీధిలోవారు తన మీద కుట్ర పన్నుతున్నారని అన్నం ముట్టేవాడు కాదు. మొదట ఆమిల్ దగ్గరకు వెళ్లారు, అందరిలాగే. తరువాత బంధువుల సలహాతో నగరంలోని ఒక పెద్ద ప్రైవేటు ఆస్పత్రికి. అక్కడి ఆరోగ్యమిత్ర కార్డు చూసి, “ఇక్కడ ఈ జబ్బుకు కార్డు మీద కుదరదమ్మా, ఎర్రగడ్డకు తీసుకుపోండి” అన్నాడట. మూడు రోజులకు నగదు కట్టి బయటపడ్డారు. ఎర్రగడ్డలో చేర్చుకున్నారు, మందులిచ్చారు, పిల్లవాడు కుదుటపడ్డాడు. అసలు కష్టం ఇంటికి వచ్చాక మొదలైంది. జిల్లా ఆస్పత్రిలో మానసిక వైద్యుని పోస్టు ఖాళీ. మందుల కోసం నెలనెలా హైదరాబాదు రావాలి. ఆడవారికి బస్సు ఉచితమైనా కొడుకుకు టికెట్టు కొనాలి; ఆ రోజు బీడీల కూలి పోతుంది. మూడు నెలలు రాలేకపోయారు. జబ్బు తిరగబెట్టింది.

“బేటా, వాణ్ణి గదిలో ఉంచి బయట గొళ్లెం పెట్టి చాట ముందు కూర్చుంటున్నా. ఆ గునా నాకు తగులుతుందా?” అని ఆమె మమ్మల్ని అడిగారు.

ఆ పాపం ఆమెది కాదని చెప్పాము. ఎవరిదో చెప్పడానికే ఈ వ్యాసం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ ఆరంభమైనప్పుడు పేదవాడు కార్పొరేట్ ఆస్పత్రి గడప తొక్కగలిగాడు. దానివల్ల ప్రాణాలు దక్కినవారు మన మొహల్లాలలోనూ ఉన్నారు. ఆ మేలును కాదంటే కృతఘ్నత అవుతుంది. కానీ ఆ పథకం అడుగున ఉన్న లెక్కను చూడాలి. మూసుకుపోయిన గుండె రక్తనాళం, మూత్రపిండంలో రాయి, విరిగిన తొడ ఎముక: వీటికి మొదలుంది, చివర ఉంది. ఒక్కొక్కదానికి ఒక కోడు, ఒక ధర. ముందు అనుమతి, తరువాత ఆపరేషన్, ఆపైన ఫోటో, డిశ్చార్జి, బిల్లు. ప్రభుత్వం ఆ ధర చెల్లిస్తుంది, లెక్క ముగుస్తుంది. దీనినే ప్యాకేజీ అంటున్నాము.

స్కిజోఫ్రేనియాకు ఫోటో ఎక్కడ తీస్తారు? చికిత్సకు ముందు ఎక్స్‌రే ఏది, తరువాత ఎక్స్‌రే ఏది? ఆ వ్యాధికి డిశ్చార్జి చివరి మెట్టు కాదు, మొదటి మెట్టు. 2018 సెప్టెంబరులో వచ్చిన కేంద్ర ప్రభుత్వ ఆయుష్మాన్ భారత్ పథకం కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు హామీ ఇస్తుంది. మానసిక వ్యాధులు కూడా దాని జాబితాలో ఉన్నాయి. బాగానే ఉంది. అయితే అది చెల్లించేది ఆస్పత్రిలో చేరినందుకు. ఇంటికి వెళ్లాక 15 రోజుల మందులతో దాని బాధ్యత తీరిపోతుంది. ఈ రోగి మందు మానకుండా వాడవలసింది ఏళ్ల తరబడి, చాలామంది విషయంలో జీవితాంతం. మొండి వ్యాధికి ఇచ్చే క్లోజపైన్ మొదలుపెడితే తొలి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష చేయాలి. తెల్లకణాలు పడిపోతే ప్రాణాపాయం. లిథియం వాడేవారికి రక్తంలో దాని మోతాదు చూస్తూ ఉండాలి. మాత్రలు దాచిపెట్టి పారవేసే రోగికి రెండు నుండి నాలుగు వారాలకొకసారి ఇచ్చే సూది మందులున్నాయి. అవి వేయడానికి ఒక నర్సు ఊళ్లో ఉంటే చాలు. వీటిలో ఏదీ ఆస్పత్రి మంచం మీద జరిగేది కాదు. కనుక ఏదీ బిల్లుకు ఎక్కదు.

ఈ లెక్కను ప్రైవేటు ఆస్పత్రి యజమాని మనకన్నా ముందే గ్రహించాడు. మానసిక రోగి మంచానికి స్కానింగు ఆదాయం లేదు, ఆపరేషన్ థియేటరు ఆదాయం లేదు, స్టెంటు లేదు, ఇంప్లాంటు లేదు. ఉన్నదల్లా మనుషుల జీతాలు: రాత్రి మేలుకొని ఉండే నర్సు, మాట్లాడే మనస్తత్వ నిపుణుడు, కుటుంబాన్ని కలిసే సామాజిక కార్యకర్త. అందుకే పది అంతస్తుల ఆస్పత్రులలో కూడా ఈ విభాగం పేరుకు ఒక ఓపీ గదిగా మిగులుతుంది. బీమా కంపెనీలదీ ఇదే తంతు. పాలసీ అడుగున చిన్న అక్షరాలలో మానసిక వ్యాధులను మినహాయించడం వారికి ఆనవాయితీగా ఉండేది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ శారీరక వ్యాధులతో సమానంగా బీమా ఇవ్వాలని ఆదేశించినా, 2018లో బీమా నియంత్రణ సంస్థ సర్క్యులర్ జారీ చేసినా, ఒక మహిళ తన బిల్లు కోసం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లవలసి వచ్చింది. 2021లో తీర్పు ఆమె పక్షాన వచ్చింది. హైకోర్టుకు వెళ్లే స్తోమత బీడీ కార్మికురాలికి ఎక్కడిది?

మరొక మాట. కార్డు ఇంటి పేరుతో ఉంటుంది, వేలిముద్రతో తెరుచుకుంటుంది. ఇల్లు వదలి తిరిగే మనిషికి, తన పేరు తానే చెప్పలేని మనిషికి ఏ కార్డు గీకాలి? ఇందులో మన సమాజానికి ప్రత్యేకమైన భయం ఒకటుంది. గడ్డం, టోపీ ఉన్న మతిస్థిమితం లేని యువకుడు అర్ధరాత్రి పరాయి పేటలో తలుపులు తడుతూ తిరిగితే ఏమి జరగవచ్చో ఈ రోజులలో మన కుటుంబాలకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆ తల్లి పెట్టిన గొళ్లెంలో జబ్బు భయం సగమే. మిగతా సగం బయటి ప్రపంచం భయం.

ఇక ప్రభుత్వ ఖజానా సంగతి. 2024-25 కేంద్ర బడ్జెటులో ఆరోగ్యశాఖకు కేటాయించినది సుమారు 90 వేల కోట్లు. మానసిక ఆరోగ్యానికి నేరుగా చూపినది సుమారు వెయ్యి కోట్లు. అంటే నూటికి ఒకటి చిల్లర. అందులోనూ 850 కోట్లు బెంగళూరులోని నిమ్హాన్స్ ఒక్కదానికే. నిమ్హాన్స్ దేశానికి గర్వకారణం, దాని నోటి దగ్గర కూడు లాగాలని మేము అనము. కానీ జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి విడిగా ఒక పద్దు కనబడదు. అది జాతీయ ఆరోగ్య మిషన్ ఉమ్మడి నిధిలో కలిసిపోయింది. ఉమ్మడి సంచిలో పడిన సొమ్ము గొంతు ఉన్న వ్యాధికి పోతుంది. ఈ రోగులకు గొంతు లేదు. ఉన్నా దానిని ఎవరూ నమ్మరు.

2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం తీవ్ర మానసిక వ్యాధులున్నవారిలో నూటికి 73 మందికి పైగా చికిత్స అందడం లేదు. ఆ సర్వే 12 రాష్ట్రాలలో జరిగింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. మనకు లెక్క కూడా దక్కలేదు. ముస్లిం జనాభా గణనీయంగా ఉన్న పెద్ద గ్రామాలలో సుమారు 40 శాతానికి ఎటువంటి వైద్య సదుపాయమూ లేదని సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. సాధారణ జ్వరానికే దిక్కులేని ఊరిలో మతి చెదిరిన బిడ్డను ఎక్కడికి తీసుకువెళతారు? తలుపు ఎప్పుడూ తెరిచి ఉండే చోటికి, డబ్బు అడగని చోటికి. నెల్లూరు జిల్లా ఏ.యస్. పేట దర్గా ప్రాంగణంలో వారాల తరబడి బస చేసే కుటుంబాలను చూసినవారికి ఇది అర్థమవుతుంది. వారిని అక్కడికి నడిపించినది విశ్వాసం మాత్రమే కాదు. మిగతా తలుపులన్నీ మూసి ఉండడం కూడా.

ప్రభుత్వానికి ఈ మధ్య మరొక ఆలోచన ముద్దు వస్తోంది. ఈ రోగుల భారాన్ని స్వచ్ఛంద సంస్థలకు అప్పగించి, తలకు ఇంత అని చెల్లించి చేతులు దులుపుకోవడం. వినడానికి మానవీయంగానే ఉంటుంది: పెద్ద ఆస్పత్రుల గోడలు కూల్చి రోగులను సమాజంలోకి తీసుకువస్తున్నామంటారు. ఆ దారిలో నడిచి చూసిన దేశం ఒకటుంది. దక్షిణాఫ్రికాలోని గౌటెంగ్ రాష్ట్ర ఆరోగ్యశాఖ, దీర్ఘకాల మానసిక రోగులను చూసుకుంటున్న లైఫ్ ఎసిడిమెని అనే ప్రైవేటు సంస్థతో ఒప్పందాన్ని ఖర్చు తగ్గించే పేరిట రద్దు చేసుకుంది. అక్కడ రోగికి రోజుకు అయ్యే ఖర్చు 320 రాండ్లు. 2016లో పదమూడు వందలకు పైగా రోగులను హడావిడిగా స్వచ్ఛంద సంస్థలకు తరలించింది. ఆ సంస్థలకు ఇస్తామన్నది రోజుకు 112 రాండ్లు. అదైనా సమయానికి ఇవ్వలేదు. కొందరిని పికప్ వాహనాలలో ఎక్కించారు, రికార్డులు వెంట పంపలేదు. ఆకలితో, నీరు లేక, మందులు లేక, చలికి మనుషులు రాలిపోయారు. మృతుల సంఖ్య 144. రోగులను అప్పగించిన 27 సంస్థలలో ఒక్కదానికీ చెల్లుబాటయ్యే లైసెన్సు లేదని అక్కడి ఆరోగ్య అంబుడ్స్‌మన్ 2017లో తేల్చాడు. మరుసటి ఏడాది మాజీ ఉప ప్రధాన న్యాయమూర్తి దిక్గాంగ్ మొసెనెకె కుటుంబాలకు భారీ నష్టపరిహారం ప్రకటించాడు.

అక్కడ దర్గా లేదు, ఆమిల్ లేడు, తాయెత్తు లేదు. తలకు ఇంత అనే లెక్క, ఆ లెక్క అడుగున పర్యవేక్షణ లేకపోవడం: ఈ రెండే ఉన్నాయి. ఏర్వాడిలోనూ ఈ రెండే ఉన్నాయి. ఒకచోట మతాన్ని నిందించి, మరొకచోట పరిపాలనను నిందించడం ఏ న్యాయం?

అలాగని రోగులను జీవితాంతం పెద్ద గోడల మధ్య ఉంచాలని మేము కోరడం లేదు. దేశంలోని 43 ప్రభుత్వ మానసిక వైద్యశాలలలో ఏడాదికి మించి ఉండిపోయినవారు మొత్తం రోగులలో 36 శాతమని 2018లో ఒక జాతీయ అధ్యయనం చెప్పింది. వారిలో చాలామందికి కావలసింది ఆస్పత్రి కాదు, ఇల్లు. కుటుంబం తీసుకుపోలేదనే కారణంతో ఎవరినీ ఆస్పత్రిలో ఉంచరాదని 2017 చట్టం 19వ సెక్షన్ చెబుతుంది. వారి కోసం సగం దారి గృహాలు కట్టడానికి డబ్బు కావాలి. నడిపేవారికి జీతాలు కావాలి. ఆస్పత్రి తలుపు తెరవడం చౌక అనుకున్నవారు గౌటెంగ్ పొరపాటునే చేస్తారు.

డబ్బు నడిచే దారి మనిషి గౌరవాన్ని ఎలా నిర్ణయిస్తుందో మన చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ ఒక బీమారిస్తాన్ కట్టించాడు. దమస్కులో నూరుద్దీన్ కట్టించిన ఆస్పత్రిలో తాను కోలుకున్నప్పుడు మొక్కుకున్న మొక్కు అది అని చెబుతారు. అందులో మతి చెదిరినవారికి ప్రత్యేక విభాగం ఉండేది. దుకాణాలు, బజార్లు, స్నానశాలల అద్దెలను వక్ఫు చేసి ఆ ఆదాయాన్ని ఆస్పత్రికి కట్టబెట్టాడు. ధనికులు, పేదలు, స్త్రీలు, పురుషులు ఎవరు వచ్చినా చేర్చుకోవాలి, నయమయ్యేవరకు ఉంచుకోవాలి, రుసుము పుచ్చుకోకూడదు అని వక్ఫు పత్రంలో షరతు. గమనించండి: అక్కడ డబ్బు రోగి తల వెంట రాలేదు, ఆపరేషన్ వెంట రాలేదు. ఆస్పత్రి వెంట వచ్చింది, స్థిరంగా, ఏటా. రోగి ఎన్ని రోజులు ఉంటాడన్నది లెక్కలోకి రానందున అతన్ని తొందరగా పంపివేయవలసిన అవసరం గాని, ఊరికే ఉంచుకోవాలనే ఆశ గాని వైద్యునికి లేవు.

దీనిని స్వర్ణయుగం కథగా చెప్పి మురిసిపోవడం మా ఉద్దేశం కాదు. ఆ వక్ఫు ఆదాయం క్షీణించిన తరువాత, 1830లలో కైరోలో నివసించిన ఆంగ్ల రచయిత ఎడ్వర్డ్ లేన్ అదే ఆస్పత్రిలో మతిలేనివారు ఇరుకు గదులలో గొలుసులతో ఉన్నట్లు రాశాడు. అదే కట్టడం, అదే మతం, అదే నగరం. మారింది ఆదాయం. మన రెండు రాష్ట్రాలలో వక్ఫు భూములలో ఎంత భాగం ఎవరి చేతుల్లో ఉందో ఈ పత్రిక పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు.

మన ఇంటి తప్పులను దాచుకోవడం కూడా తగదు. రంజాన్‌లో జకాత్ నిధులతో డయాలసిస్‌కు సాయం చేస్తాము, అంబులెన్సు కొంటాము. మతి చెదిరినవాని మందులకు ఏ కమిటీ జాబితాలో చోటుందో చూపండి. ‘నికాహ్ చేస్తే కుదురుకుంటాడు’ అనే మాట మన పెద్దల నోట ఎన్నిసార్లు వినలేదు! జబ్బు దాచి చేసిన ఆ పెళ్లి ఒక ఆడపిల్ల బతుకును కూడా అదే గదిలోకి నెట్టి గొళ్లెం పెడుతుంది. ‘ఎర్రగడ్డకు పంపాలి నిన్ను’ అని నవ్వుకుంటూ తిట్టుకునే నగరం మనది. ఆ నవ్వులో మనమూ ఉన్నాము. వైద్యం చేయించుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదని, దైవప్రవక్త (స) స్వయంగా వైద్యం చేయించుకోమన్నారని జుమా ఖుత్బాలో చెప్పడానికి మౌల్వీ సాహెబులకు ఎవరి అనుమతీ అక్కరలేదు. గుజరాత్ మెహ్సానా జిల్లా ఉనావాలోని మీరా దాతార్ దర్గాలో, విషాదం తరువాత ఏర్వాడిలో కూడా, దర్గా పక్కనే మానసిక వైద్యుడు కూర్చుని మందులిచ్చే ఏర్పాటు జరిగింది. దువాకు, దవాకు తగాదా లేదని అక్కడి ముజావర్లు ఒప్పుకున్నారు. అయితే ఆ వైద్యుని జీతం ప్రభుత్వం ఇవ్వాలి. దానిని కూడా చందాలతో నడపమంటే మళ్లీ మొదటికే వస్తాము.

కొందరు మిత్రులు మమ్మల్ని అడుగుతున్నారు: మన సంస్థలే ఒక ఆస్పత్రి కడితే సరిపోదా అని. సరిపోదు. సేవ చేయండి, మంచిదే. కానీ మన సేవ ప్రభుత్వానికి తప్పించుకునే దారి కాకూడదు. మతం, కులం, లింగం, వర్గం భేదం లేకుండా ప్రభుత్వం నడిపే లేదా ప్రభుత్వ నిధులతో నడిచే మానసిక వైద్యం పొందే హక్కు ప్రతి వ్యక్తికీ ఉందని 2017 చట్టం 18వ సెక్షన్ చెబుతుంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అది ఉచితం. అందుకు వారి చేతిలో కార్డు ఉండవలసిన అవసరం కూడా లేదు. అదే సెక్షన్‌లో, జిల్లాలో కనీస సేవలు లేకపోతే రోగి ఆ జిల్లాలో మరొకచోట చేయించుకున్న వైద్యం ఖర్చును ప్రభుత్వమే భరించాలని ఉంది. 95వ సెక్షన్ గొలుసును ఏ రూపంలోనైనా నిషేధించింది. గొలుసు పేరిట దర్గాల మీదికి వచ్చే అధికారులు 95వ సెక్షన్ మాత్రమే చదివి వస్తారు. వారికి 18వ సెక్షన్ చదివి వినిపించవలసిన పని మనది.

మేము అడుగుతున్నవి ఇవి. జిల్లా ఆస్పత్రి మానసిక విభాగానికి రోగుల బిల్లులతో నిమిత్తం లేని వార్షిక బడ్జెటు విడి పద్దుగా కనబడాలి. నెలవారీ మందులు, సూది మందులు, రక్తపరీక్షలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే దొరకాలి. రోగికి, వెంట వచ్చేవారికి ప్రయాణ ఖర్చు ఇవ్వాలి. స్వచ్ఛంద గృహం ఏదైనా, మనదైనా పరాయిదైనా, లైసెన్సు లేనిదే ఒక్క రోగినీ అప్పగించకూడదు.

18వ సెక్షన్ కింద ఖర్చు తిరిగి కోరుతూ జిల్లా కలెక్టరుకు ఇచ్చే అర్జీ నమూనాను వచ్చే సంచికలో ప్రచురిస్తున్నాము. ప్రతి పట్టణంలోని మిత్రులు కనీసం ఒక కుటుంబం చేత దాన్ని పెట్టించాలని కోరుతున్నాము. మొదటి అర్జీ ఆ బీడీ కార్మికురాలిది. ఖర్చుల కాగితాలు తెమ్మంటే ఆమె ఒక పాత ప్లాస్టిక్ కవరు తెచ్చారు. అందులో కొడుకు బస్సు టికెట్లు, తేదీల వారీగా, రబ్బరు బ్యాండు చుట్టి ఉన్నాయి. రాలేకపోయిన మూడు నెలల చోట ఏమీ లేదు.